క్రేఫిష్ ఏం తింటది? చెరువుకు ఏం మిగులుతది?

(నల్లగొండలో మత్స్య సహకార సంఘాల సభ్యులు, డిగ్రీ విద్యార్థులు కలిసి కూర్చున్న సభలో ఒక జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగానికి రాతరూపం. మాటతీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూసున్న సంఘం పెద్దలకు, వెనుక ఫోన్లు చూసుకుంట కూసున్న మా పిల్లలకు కూడా. (నవ్వులు)

ఈయాల నేను చెప్పబోయే జంతువు మీ వలలో ఎన్నడూ పడి ఉండదు. క్రేఫిష్ అంటరు. ఒళ్లు చూస్తే రొయ్య, ముందటి కత్తెర కాళ్లు చూస్తే ఎండ్రకాయ. మంచినీళ్లలోనే పుట్టి మంచినీళ్లలోనే చస్తది. అమెరికాలో, ఆస్ట్రేలియాలో, యూరప్‌లో దానివి వందల జాతులున్నయి గానీ భారతదేశానికి సొంతమైన జాతి ఒక్కటి కూడా లేదు.

మరి లేని దాని ముచ్చట మనకెందుకు అంటరేమో. ఆక్వేరియం వ్యాపారంలో అది మన దేశంలో కూడా చేతులు మారుతున్నది. ఎర్రగా, నీలంగా, ముచ్చటగా ఉంటది. కొనుక్కపోయి తొట్టిలో వేస్తరు. అది రాత్రిపూట తోటి చేపల్ని ఒక్కొక్కటే పట్టి కొరుకుతది. ఇంటావిడకు కోపం వస్తది. చంపబుద్ధి కాదు, పెంచబుద్ధి కాదు, ఊరి చివర కుంట ఉండనే ఉన్నది. దెయ్యం చేప మన చెరువుల్లోకి దిగింది ఈ దారినే కదా. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ అయితే ఇంకో దారిన వచ్చింది. దాని పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించినా ఇంకా దొంగచాటుగా పెంచేటోళ్లు పెంచుతనే ఉన్నరు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతది. ఇప్పుడు దానికి తోడు కల్వకుర్తి ఎత్తిపోతల కాల్వలొచ్చినయి, సాగర్ కాల్వలు ఎప్పటినుంచో ఉన్నయి. ఒక్క కుంటలో పడ్డది ఆ కుంటలోనే ఉంటదని అనుకునే కాలం కాదు.

సరే, అసలు విషయం తిండి. ఒక జంతువు చెరువును ఏం చేస్తదో తెలవాలంటే అది ఏం తింటదో తెలవాలి. క్రేఫిష్ దగ్గర ఈ ప్రశ్నకు జవాబు చెప్పుడు అంత అలకగా లేదు.

ఈ తొట్టిలో ఉన్నది మన పొలం గట్టు ఎండ్రకాయ. పిల్లలు ముందుకు రాండ్రి, భయం లేదు, కత్తెర కాళ్లకు దారం కట్టినం. దీని నోరు చూడుండ్రి. తలుపు రెక్కల లెక్క రెండు ముక్కలు కదులుతున్నయి కదా, అవి దవడలు కాదు. దవడలు లోపల ఉన్నయి. దవడలతో కలిపి నోటి దగ్గర ఇట్లాంటి అవయవాలు ఆరు జతలు. క్రేఫిష్‌కు కూడా ఆరు జతలే. కొన్ని పట్టుకుంటయి, కొన్ని చీలుస్తయి, కొన్ని ఏరి పక్కన పడేస్తయి. కడుపులో మూడు పండ్లుంటయి. అవును, కడుపులోనే. మింగినంక నమిలే జంతువు ఇది.

క్రేఫిష్‌కు ఇంకో సౌలత్ ఉన్నది. పెద్ద కత్తెర కాళ్లు కొట్లాటకు, పెద్ద వేటకు. వాటి వెనుక నడిచే కాళ్లలో ముందటి రెండు జతల కొసకు కూడా చిన్నచిన్న చిమటాలుంటయి. నడుచుకుంట పోతనే వాటితో బురదలో గిల్లి, ఏది తగిలితే అది నోటికి అందిస్తది. కళ్లతో పనిలేదు, తల ముందటి పొట్టి మీసాలే వాసన పడ్తయి. అందుకే పొద్దుగూకినంక బయటికి వస్తది, చీకట్లో మేస్తది.

ఇప్పుడు కడుపు కోసి చూద్దాం అనుకుంటరు. శాస్త్రజ్ఞులు మొదట అదే చేసిండ్రు. కోస్తే కనబడ్డదేంది? కుళ్లిన ఆకు, బురద, పాకురు, మొక్కల ముక్కలు. అక్కడక్కడ ఓ పురుగు కాలు. ఓహో, ఇది పాపం చెత్త తినే జీవి, చెరువు పాకీపని చేస్తది అని చాన్నాళ్లు రాసుకున్నరు.

తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. కడుపు కాదు, కండ చూసుడు. మనం తిన్నదే మన ఒంట్లో కండ అయితది. నత్రజని పరమాణువుల్లో తేలికవి, బరువువి రెండు రకాలున్నయి. మొక్కను తిన్న పురుగులో బరువు రకం కొంచెం పెరుగుతది. ఆ పురుగును తిన్న చేపలో ఇంకొంచెం పెరుగుతది. మెట్టు మెట్టుకు సుమారు వెయ్యికి 3.4 వంతుల చొప్పున. కాబట్టి చిన్న కండ ముక్క తీసి కొలిస్తే, ఆ జీవి గత కొన్ని వారాలు, నెలలు ఏ మెట్టు మీద కూసోని తిన్నదో తెలుస్తది. ఈ లెక్క క్రేఫిష్ మీద పెట్టి చూస్తే, చాలా చోట్ల కడుపు ఒకటి చెప్పింది, కండ ఇంకోటి చెప్పింది. కడుపు నిండా చెత్త ఉన్నా, ఒళ్లు పెరిగింది చాలావరకు పురుగులతో, నత్తలతో.

ఎందుకట్ల? నత్త మాంసం మెత్తగా ఉంటది, తొందరగా అరిగిపోతది. గుల్లను అది మింగనే మింగదు, బయటనే వదిలేస్తది. ఆకు పీచు మాత్రం కడుపులో చాన్సేపు ఉంటది. మనం కోసే టైముకు ఉండేది పీచే. పిల్లప్పుడు పురుగులు ఎక్కువ తింటది, పెద్దగైనంక మొక్కలు, చెత్త ఎక్కువ తింటది అని పుస్తకాల్లో ఉంటది. అది కొంతవరకు నిజమే. కానీ పెద్దది కూడా మాంసం దొరికితే విడిచిపెట్టదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. నా దృష్టిలో ఈ జంతువు గురించి తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. మామూలుగా వేటాడే జంతువుకు ఒక కట్టడి ఉంటది. చేపలు తగ్గితే చేపల్ని తినే పక్షి తగ్గుతది, లేకుంటే వేరే చెరువుకు పోతది. అంతలో చేపలు మళ్ల కోలుకుంటయి. క్రేఫిష్‌కు ఆ కట్టడి లేదు. నత్తలు తగ్గినా అది తగ్గదు, ఎందుకంటే బురద ఉన్నది. బురద తిని బతుకుతది, పిల్లల్ని కంటది, మందలు మందలుగా ఉంటది. ఆ మంద రోజూ రాత్రి తిరుగుతుంటే మిగిలిన నాలుగు నత్తలకు తల దాచుకునే సందు దొరకదు. చివరి నత్తను కూడా తినగల జంతువు చెత్త తినే జంతువే. ఉత్త మాంసం తినేదైతే అంతదాక రాకముందే ఆకలికి చచ్చేది. మన చెరువుల్లో బర్ల పెండ, రాలిన తుమ్మ ఆకు, ఎండిన తుంగ... బురదకేం కరువు?

నత్తను తినే తీరు చెప్త. మనసు పెట్టి వినుండ్రి, బాగుంటది. ముందు కాళ్లతో నత్తను పట్టి, తిప్పి తిప్పి, గుల్ల మూతి తన నోటి దిక్కు పెట్టుకుంటది. ఆ మూతి అంచును దవడతో కొంచెం కొంచెం విరుచుకుంట పోతది. నత్త లోపలికి ముడుచుకుంటది. ఇది అంచు విరుచుకుంట ఇంకా లోపలికి పోతది. గుల్ల పలచనైతే పని తొందరగా అయిపోతది. దళసరి గుల్ల, పెద్ద నత్త అయితే చాన్సేపు కుస్తీ పట్టి విసుగొచ్చి వదిలేస్తది. అందుకే క్రేఫిష్ దిగిన చెరువులో ముందు మాయమయ్యేటివి పలచని గుల్ల నత్తలు.

నత్త కూడా తెలివి తక్కువదేం కాదు. నీళ్లలో చితికిన తోటి నత్తల వాసన, క్రేఫిష్ వాసన తగిలితే కొన్ని నత్తలు పైకి పాకి నీటి అంచు దాటి కూసుంటయి. ఇంకా వింత ఉన్నది. 1990లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఓక్లహామా రాష్ట్రంలోని ఏరుల నత్తల మీద ఒక పరిశోధన అచ్చేసిండ్రు. మామూలు నీళ్లలో ఆ నత్త సుమారు 4 మిల్లీమీటర్లు పెరగంగనే గుడ్లు పెట్టుడు మొదలుపెడ్తది. క్రేఫిష్ నత్తల్ని తిన్న వాసన కలిసిన నీళ్లలో మాత్రం గుడ్లు ఆపుకుంటది. దాదాపు 10 మిల్లీమీటర్లు అయ్యేదాక ఒళ్లు పెంచుకుంటది. పెద్దగైతే తినలేదు కదా! ఒక్క కాటు కూడా పడకుండ, ఉత్త వాసనకే నత్త బతుకు లెక్క మారిపోయింది.

ఇక్కడ గొర్రెల కాపర్లు ఎవరన్నా ఉంటే నన్ను ఆపాలి. గొర్రెలకు కార్జం జలగలు వచ్చేది నత్తల నుంచే కదా, నత్తల్ని తింటే మంచిదే కదా అని. అడగదగ్గ మాటే. ఆఫ్రికాలో మనుషులకు నత్తల వల్ల వచ్చే ఒక జలగ రోగం ఉన్నది, కెన్యాలో దాన్ని తగ్గించేందుకు అమెరికా నుంచి వచ్చిన ఎర్ర క్రేఫిష్‌ను చిన్న కుంటల్లో వదిలి చూసిండ్రు, కొంత గుణం కూడా కనబడ్డది. కానీ ఈ నత్తను తిను, ఆ కప్పపిల్లను ముట్టకు అని దానికి చెప్పేదెవరు? నేనైతే ఆ బేరానికి ఒప్పుకోను.

ఇప్పుడు మొక్కల సంగతి. చేన్ల పడ్డ పశువు తినేది కొంత, తొక్కేది ఎంతో. క్రేఫిష్ అంతే. నీళ్లలోపల పెరిగే మొక్క కాడను మొదట్లో కొరికి, రెండు బుక్కలు తిని వదిలేస్తది. మిగిలింది తేలి ఒడ్డుకు కొట్టుకొస్తది. తెల్లారి ఒడ్డు పొంటి పచ్చి కాడలు పోగుపడి ఉంటయి. కొత్తగా మొలిచే లేత పిలకల్ని అయితే పైకే రానియ్యదు. నష్టం తిన్నదాంతోని కాదు, తెంపినదాంతోని.

స్పెయిన్ ఉత్తరాన లియోన్ దగ్గర చోజాస్ అని ఒక లోతులేని చెరువున్నది. అడుగు కనబడేంత తేట నీళ్లు, నిండా నీటిమొక్కలు ఉండేటివి. 1997లో అందులోకి అమెరికా ఎర్ర క్రేఫిష్ వచ్చింది. మొక్కలు 99 శాతం పోయినయి. కప్పల జాతులు 83 శాతం తగ్గినయి, నీటిపక్షులు సగానికి సగం పోయినయి. క్రేఫిష్ పక్షుల్ని తినలేదు, మొక్కల్ని తెంపింది. మొక్కలు పోతే బురదను పట్టి ఉంచేది లేదు. గాలికి అలలొచ్చి అడుగు కలగబడ్డది, ఇది తవ్వుకుంట తిరుగుతుంటే ఇంకింత కలగబడ్డది. మొక్కలు తాగే ఎరువు నీళ్లలోని సన్నటి పాచికి దొరికింది, నీళ్లు పచ్చబడ్డయి. వెలుతురు అడుక్కు దిగక కొత్త మొక్క మొలవలేదు. ఒకసారి ఆ దిక్కుకు ఒరిగిన చెరువు దానంతట అది వెనుకకు రాదు.

బొచ్చెకు పచ్చ నీళ్లు మంచివే కదా సార్ అని మీ మొఖాల్లో కనబడ్తున్నది. (నవ్వులు) మంచివే. కానీ కొర్రమీనుకు, పరకలకు, చందమామలకు మొక్క కావాలి. ఇంకోటి, మనమే పిల్లలు పోసే బంగారుతీగ కూడా అడుగు తవ్వి నీళ్లు కలిపేదే, అది కూడా మనది కాదు, 1939లో ఒక రకం, 1957లో ఇంకో రకం బయటి నుంచి తెచ్చినయే. బయటిది అయినంత మాత్రాన ప్రతిదీ పాడు చేయదు. ఏం తింటదో, ఎంత తెంపుతదో, దాన్ని తినేటిది ఎవరో, ఈ మూడు చూడాలి.

మీకు సూటిగా తగిలేవి గుడ్లు, వలలు. అమెరికాలో ఒహాయో నది ప్రాంతపు క్రేఫిష్ ఒకటి గాలం వేసేటోళ్ల ఎర బకెట్లలో విస్కాన్సిన్ సరస్సులకు చేరింది. మిగిలిన ఎరను సరస్సులో కుమ్మరించి ఇంటికి పోయేటోళ్లు, అంతే. అక్కడ గూడు కట్టి గుడ్లు పెట్టే చేపల గుడ్లు అది తిన్నది, ఆ చేపలు పలచబడ్డయి. మన కొర్రమీను కూడా గుడ్ల దగ్గర కాపలా కాస్తది, మీకు నేను చెప్పాలా! కాపలా ఉన్న తండ్రి చేప ఒక్క క్రేఫిష్‌ను తరిమితే తరుముతది. చీకట్లో చుట్టూ ఇరవై వస్తే ఏ దిక్కు తరుముతది? ఆఫ్రికాలో కరీబా జలాశయం, కఫూ నది నీళ్లలోకి ఆస్ట్రేలియా క్రేఫిష్ పెంపకం చెరువుల నుంచి తప్పించుకుని పోయింది. అక్కడి జాలర్లు రాత్రి వల కట్టి తెల్లారి తీస్తే, వలలో పడ్డ చేపల్ని అది కొరికి పెట్టి ఉంటది. కొరికిన చేపకు బజార్లో ధర ఎవరిస్తరు? ఆ కష్టం జాలరికి తప్ప ఏ లెక్కల్లో రాదు.

మేలు చేసే చోట్లు లేవా? ఉన్నయి. స్పెయిన్ దక్షిణాన దోన్యానా చిత్తడి నేలల్లో కొంగలు, నీటికుక్కలు దాన్ని తిని బాగనే బతుకుతున్నయి. అదీ చెప్పాలి, దాచొద్దు. కానీ అమెరికాలో క్రేటర్ లేక్ అని ఉన్నది, కొండ పేలి ఏర్పడ్డ సరస్సు, అద్దం లెక్క తేట నీళ్లు. చేపలే లేని ఆ సరస్సులో ముందు చేపలు వదిలిండ్రు. ఆ చేపలకు తిండి కావాలని 1915లో క్రేఫిష్ వదిలిండ్రు. ఇప్పుడు ఆ సరస్సులో తప్ప ఇంకెక్కడా లేని ఒక రకం నీటి న్యూట్, అంటే తోక ఉన్న కప్పజాతి జీవి, క్రేఫిష్ ఉన్న ఒడ్డు పొంటి కనబడకుండ పోతున్నది. జపాన్‌కు ఎర్ర క్రేఫిష్‌ను తెచ్చింది కూడా 1927లో కప్పల పెంపకంలో మేతకే. ఒకదానికి మేత అని తెస్తే అది అన్నిటినీ మేసింది.

సరే, చాలాసేపు మాట్లాడిన. అడుగుండ్రి.

(సంఘం సభ్యుడు: సార్, చైనావాళ్లు దాన్ని మస్తు తింటరట, అమ్ముతరట. మనం కూడా పెంచుకుంటే పైసలు రావా?)

వస్తయన్నా, రావని అనను. జపాన్ నుంచి 1929 ప్రాంతంలో చైనాకు పోయింది, ఇయ్యాల అక్కడ పెద్ద వ్యాపారం. అమెరికా లూసియానా రాష్ట్రంలో వరి కోసినంక అదే మడిలో పెంచుతరు. స్పెయిన్‌కు 1970లలో తెచ్చింది కూడా పైసల కోసమే. కెన్యా నైవాషా సరస్సులో 1970లో వదిలింది కూడా అమ్ముకుందామనే. అక్కడ కలువలు, నీటిమొక్కలు ఎట్ల పోయినయో చూసినోళ్లు రాసిండ్రు. మడిలో పెంచేది మడిలోనే ఉండదన్నా, రాత్రి తడి నేల మీద నడిచి పోతది. ఇంకో సంగతి, దానికి ధర పలికితే లేని చెరువులో కూడా ఎవరో ఒకరు తెచ్చి వదుల్తరు. మీకు నీలకంఠ రొయ్య ఉన్నది కదా, దాని పిల్లల్నే బాగా పెంచుకుందాం.

(విద్యార్థిని: ఎండాకాలం మన చెరువులు ఎండిపోతయి కదా సార్, అప్పుడు చచ్చిపోవా?)

మంచి ప్రశ్నమ్మా. ఎర్ర క్రేఫిష్ కట్టలో, ఒడ్డులో బొరియ తవ్వి తడి ఉన్నంత లోతుకు పోయి కూసుంటది, వానలు పడ్డంక పిల్లలతో బయటికి వస్తది. చెరువు ఎండితే చేపలు పోతయి, కొంగలు లేచిపోతయి. మళ్ల నీళ్లొచ్చే సరికి శత్రువులు లేని చెరువు దాని చేతికొస్తది. కాబట్టి ఎండుడు దానికే లాభం అయ్యేటట్టున్నది, మనకు కాదు.

(వెనుక నుంచి: ఎండ్రకాయ కూడా బొరియ తవ్వుతది, నత్తను తింటది, మరి దాన్నేమనరేంది సార్?)

(నవ్వులు) ఎందుకనను, దాని బొరియల వల్ల నీళ్లు కారిపోయే గట్టున్న ప్రతి రైతు అంటడు. కానీ దాన్ని తినేటివి ఇక్కడున్నయి: కొంగ, నక్క, నీటికుక్క, మనం. మన నత్తలు దాని వాసన మధ్యనే పుట్టి పెరిగినయి. క్రేఫిష్ వెచ్చని నీళ్లలో కొన్ని నెలలకే ఈడుకొస్తది, ఒక్క ఆడది వందల గుడ్లు తోక కింద మోస్తది. మార్బుల్ క్రేఫిష్ అనేదైతే ఇంకా ఘోరం. 1990లలో జర్మనీ ఆక్వేరియంలలో బయటపడ్డది. మగది లేనే లేదు, అన్నీ ఆడవే, జత లేకుండనే పిల్లలు. మడగాస్కర్ వరిమడుల నిండా ఇప్పుడు అదే. ఒక్కటి పడితే చాలు.

(సంఘం సభ్యుడు: బోనులు పెట్టి పట్టేస్తే అయిపోదా?)

బోనులోకి వచ్చేటివి ఎక్కువ పెద్ద మగవి. పిల్లలు రావు, గుడ్లు మోసే ఆడది బొరియ విడిచి రాదు. విస్కాన్సిన్‌లో స్పార్క్‌లింగ్ లేక్ అనే సరస్సులో 2001 నుంచి కొన్నేండ్లు ఎండాకాలం ఎండాకాలం బోనులు పెట్టిండ్రు. దాంతోపాటు క్రేఫిష్‌ను తినే పెద్ద చేపల్ని జనం పట్టకుండ కట్టడి చేసిండ్రు. రెండూ కలిస్తేనే క్రేఫిష్ తగ్గింది, మొక్కలు మళ్ల వచ్చినయి. చిన్న పిల్లల్ని చేపలు తిన్నయి, పెద్దవాటిని బోను పట్టింది. మన దగ్గర ఆ పని చేయగలిగేటివి కొర్రమీను, వాలుగ. అవి కిలో కూడా కాకముందే మనం పట్టి అమ్ముతున్నం.

(ఇంకొకరు: మరి వలలో ఒకటి పడ్డదనుకో, ఏం చేయాలె?)

మళ్ల నీళ్లలో వేయొద్దు. ఫోన్‌తో పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటో తీయుండ్రి, కత్తెర కాళ్లు బాగా కనబడాలె. ఏ చెరువు, ఏ తూము దగ్గర పడ్డదో రాసుకోండ్రి. బతికున్నదాన్ని బకెట్లో వేసుకుని జిల్లా మత్స్యశాఖ ఆఫీసుదాక బండి మీద తీసుకపోవద్దు, నడుమ జారిపడితే ఇంకో కుంటకు మనమే చేర్చినట్టు. ఐసులో పెట్టి, చచ్చినంక పట్టుకపోండ్రి.